గడప మీద బోర్లించిన గిన్నె

యిన్ షూ మా సందులో చేపల పులుసు సేమ్యా అమ్మేది. బర్మాలో, మా మాండలేలో అలాంటి బండ్లకు కొదవ లేదు గానీ, ఆవిడ పులుసు రుచి మరిగినవాడు ఇంకో బండి ముఖం చూడడు. నోరు మాత్రం మహా దురుసు. ఎదురుగా కిళ్ళీకొట్టు నాది కాబట్టి, ఆవిడ తిట్లలో నా వాటా నాకు రోజూ అందేది.

ఒక్క పనిలో మాత్రం ఆవిడ నోరెత్తేది కాదు. తెల్లారగానే చెప్పులు విప్పి, మొదటి వాయి అన్నం భిక్షువుల పాత్రల్లో వడ్డించేది. చిన్నప్పుడే పోయిన కొడుకుకి ఆ పుణ్యం చేరుతుందని ఆవిడ నమ్మకం. జ్వరమొచ్చినా ఆ వడ్డన మానలేదు.

ఆ ఏడు సైనిక ప్రభుత్వం చమురు ధరలు పెంచింది. భిక్షువులు వీధుల్లోకి వస్తే సిపాయిలు చితకబాదారు. దాంతో మఠాలన్నీ సైన్యం మీద పాత్ర బోర్లించాయి. అంటే సైన్యం వాళ్ళదీ, వాళ్ళకు పనిచేసేవాళ్ళదీ మెతుకు కూడా ముట్టరు. యిన్ షూ భర్త బ సెయిన్ మా పేటాధికారి. ఆ కుర్చీ, ముద్ర సైన్యం ఇచ్చినవే. ఒట్టి మెతక మనిషి, కానీ ముద్ర చేతికొచ్చాక నడక మారింది.

మర్నాడు ఆవిడ గరిటె ఎత్తితే, ముందున్న ముసలి భిక్షువు పాత్ర మూత తియ్యలేదు. తల దించుకుని దాటిపోయాడు. వెనక వరసంతా అలాగే పోయింది. పొగలు కక్కే అన్నం పట్టుకుని ఆవిడ నిలబడిపోయింది.

మధ్యాహ్నం బ సెయిన్ ఇంటికొచ్చి వాకిట్లోనే ఒక కబురు చెప్పాడు. ఊరేగింపులో భిక్షువులకు నీళ్ళిచ్చిన ఇళ్ళేవో చెప్పమని సైన్యం అడిగిందట, రేపు చెబుతానన్నాడట. కొట్టు ముందు కడవ పెట్టినవాణ్ణి నేనే.

యిన్ షూ వండిన అన్నం కుక్కలకు వేసి, గిన్నె కడిగి, తెచ్చి గడప మీద బోర్లించింది.

"అన్నమేదే?" అన్నాడు.

"స్వాములు ముట్టని కూడు నువ్వెట్టా తింటావయ్యా? వాళ్ళకంటే గొప్పోడివా?"

"నేను చెప్పకపోతే నన్ను పట్టుకుపోతారే."

"పట్టుకుపోనీ. జైల్లో ఉన్నోడి పెళ్ళాం చేతి అన్నం తీసుకుంటారు. ఆ కుర్చీలో కూచున్నోడి పెళ్ళాం చేతిది తీసుకోరు. చచ్చిన బిడ్డ నోటికాడ కూడు లాగేశావు నువ్వు."

ఆయన విసురుగా టీకొట్టుకి పోయాడు. కెటిల్ కుతకుత ఉడుకుతుండగానే, పొయ్యి ఆరిపోయిందన్నాడు కొట్టువాడు. అక్కణ్ణుంచి బ సెయిన్ నా దగ్గరికొచ్చి కిళ్ళీ అడిగాడు. బుట్టనిండా ఆకులు ఆయన కళ్ళముందే ఉన్నాయి. ఆకులు లేవన్నాను. భయపడుతూనే అన్నాను, కానీ అన్నాక ప్రాణం హాయిగా ఉంది. సాయంత్రానికి సందులో ప్రతి గడప మీదా ఒక గిన్నె బోర్లించి ఉంది. వాటి మధ్య నుంచి ఆయన ఆకలి కడుపుతో ఇంటికి నడిచాడు.

పొద్దున్నే జీపు వచ్చింది. బ సెయిన్ వాకిట్లోకి వచ్చి ముద్ర ఉన్న చెయ్యి చాచాడు.

"నాకే ఇల్లూ తెలీదు బాబూ. ఇది మీరే ఉంచుకోండి."

జీపు దిగిన సైనికాధికారి ఆయన చెంప ఛెళ్ళుమనిపించాడు. ముద్ర ఎవరు తీసుకుంటారని చుట్టూ చూశాడు. మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం, ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. బ సెయిన్‌ని జీపెక్కిస్తుంటే యిన్ షూ అడ్డం పడలేదు. కళ్ళు మాత్రం తుడుచుకుంది. జీపు మలుపు తిరిగాక గిన్నె తిరగేసి లోపలికి తీసుకుపోయింది.

మర్నాడు సందు మొదట్లో సిపాయిని కాపలా పెట్టారు. ఆవిడ ఎప్పటిలాగే చెప్పులు విప్పి నిలబడింది. ముసలి భిక్షువు ఆగి మూత తీశాడు. ఏనాడూ నోరెత్తని ఆ పనిలో, రెండు గరిటెలు వడ్డిస్తూ ఆవిడ గొంతెత్తింది, సిపాయికి వినబడేలా.

"ఇది నా కొడుక్కి. ఇది వాళ్ళ నాన్నకి."