ఓడ వచ్చేదాకా వెలిగిన పొయ్యి

జంగ్లీఘాట్‌లో గవరమ్మ నోటికి జడవనివాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఆమె మొగుడు అప్పలరాముడు. ఆయన సగం మాటలు వినిపించుకోడు. రెండోది సముద్రం, దానికి చెవులే లేవు. సునామీ వచ్చి పోయాక నెలరోజులపాటు గవరమ్మ ఈ ఇద్దరితోనూ ఒకేసారి తగువు పెట్టుకుంది. ఆ తగువంతా జరిగింది ఆమె వంటింట్లో.

వంటిల్లంటే అదేదో పెద్ద కొట్టనుకునేరు. జెట్టీకి పైన, వాలులో, చెక్క గోడలూ రేకుల కప్పూ ఉన్న ఇంటికి వెనక తగిలించిన చిన్న చావడి అది. ముగ్గురు లోపల నిలబడితే నాలుగోవాళ్ళు బయటే ఉండాలి. భీమిలి దగ్గరి పేట నుంచి ఓడెక్కి అండమాను వచ్చిన ఏడాది గవరమ్మ ఆ చావడిలో పొయ్యి వేసింది. మొగుడితో పాటు పదేళ్ళ మరిది కన్నారావు కూడా ఆమె చేతికొచ్చాడు. తల్లి లేని పిల్లవాడు. కొత్త పొయ్యి మీద వండిన మొదటి ముద్ద తిన్నది వాడే. అదీ నీళ్ళచారు అన్నం. అయినా బాగుందన్నాడు.

రెండువేల నాలుగు డిసెంబరు ఆఖరి ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. ఊగి ఆగిందనుకునేలోగా జెట్టీ దగ్గర నీళ్ళు వెనక్కి పోయి, మళ్ళీ పొంగి మీదికొచ్చాయి. గవరమ్మ, అప్పలరాముడు, తొమ్మిదో తరగతి చదివే కూతురు బేబీరాణి వాలు పైకి పరిగెత్తి బతికారు. పడవ జెట్టీ గోడకు కొట్టుకొని ముక్కలైంది. వంటింట్లో నడుం లోతు నీళ్ళు నిలిచి, తర్వాత తీశాయి. ఇంతవరకూ అయితే గవరమ్మ తిట్టుకుంటూ బురద ఎత్తిపోసుకునేదే. కానీ కన్నారావు అప్పటికి రెండు నెలలుగా నికోబారులో కట్టుబడి పనిలో ఉన్నాడు. ఎనిమిదో రోజున వాడితో పనిచేసిన మనిషి ఒకడు ఓడలో వచ్చి, గుమ్మంలో నిలబడి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. శవం కూడా దొరకలేదు.

అప్పలరాముడు ఆ గుమ్మంలోనే కూలబడి గుండెలు బాదుకొని ఏడ్చాడు. గవరమ్మ ఏడవలేదు. చీపురు తీసుకొని వంటింట్లోకి వెళ్ళి, అప్పటికే రెండుసార్లు కడిగిన నేలని మళ్ళీ కడిగింది. వీధిలో ఆడవాళ్ళు దీన్ని గురించి రెండు మాటలు అనుకున్నారు. అనుకోరా మరి? లోకులు కాకులు.

కబురు తెలిసిన మూడో రోజు అప్పలరాముడు బయటికి వెళ్ళొచ్చి, చొక్కా విప్పకుండానే చెప్పాడు.

"ఎలిపోదుమే. వైజాగు ఓడకి పేర్లు రాత్తన్నారు. ముగ్గురికీ రాయించీసినాను. మూడు వారాల్లో ఓడ."

"ఎలిపోయి అక్కడేటి సేత్తావు? మీ పెదనాన్న కొడుకుల అరుగు మీద కూకోని తింతావా?"

"ఇక్కడేటుందే తిండానికి? పడవ నేదు. సేప కొనీవోడు నేడు. కూరగాయలు తెచ్చే ఓడలన్నీ ఆ దీవులకి సామాన్లు మోత్తన్నాయి. టమాటా కంటికి అగుపడ్డం నేదు."

"తిండి సంగతి నాది. ఇరవయ్యేళ్ళలో ఒక్కపాలైనా బియ్యం డబ్బాలో సెయ్యెట్టి సూసినావా? ఇప్పుడు మాత్రం నీకెందుకు?" అంది గవరమ్మ. తర్వాత ఒక మాట ఇచ్చింది. "ఓడ వచ్చీదాకా ఈ పొయ్యి ఒక్క రోజు ఎలగకపోయినా, ట్రంకుపెట్టి నానే నెత్తినెట్టుకోని నీకన్నా ముందు ఓడెక్కుతాను. ప్రెతి రోజూ ఎలిగిందా, నువ్వు నోరెత్తకూడదు. నానీ ఇల్లొగ్గను."

అప్పలరాముడు సరేనన్నాడు. వారం తిరగకుండానే గెలుస్తాననుకున్నాడు, పిచ్చి మహారాజు.

గవరమ్మ కొంగు బిగించింది. ముందు తడిసిన బియ్యం సంగతి చూసింది. పైన బురద పట్టిన భాగం పారబోసి, అడుగున ఉన్నదాన్ని ఏడు నీళ్ళతో కడిగి, రేకు మీద ఎండబెట్టి, నూక చేసింది. ఆ నూకతో కాచిన జావలో పది రోజులపాటు ఉప్పు వెయ్యాల్సిన అవసరం రాలేదు. బేబీరాణి మొహం ముడుచుకుంటే, "సముద్రం ఉప్పు ఊరికే ఇచ్చినాది. తాగు," అంది.

తర్వాత సర్దుడు. ఆ రోజుల్లో భూమి రోజుకోసారైనా కదిలేది. కదిలినప్పుడల్లా గూట్లోంచి ఒక సీసా కింద పడేది. భూమికి భయపడితే సామాను కింద పెట్టుకోవాలి, నీళ్ళకు భయపడితే పైన పెట్టుకోవాలి. ఊళ్ళో సగం ఇళ్ళలో ఆడవాళ్ళు పొద్దున దింపి సాయంత్రం ఎక్కిస్తూ నడుములు పోగొట్టుకున్నారు. గవరమ్మ ఒక పూట గడపలో కూర్చొని ఆలోచించింది. పగిలేవన్నీ నేలమీద, ఇసక పోసిన చెక్కపెట్టెలో పాతింది. తడిస్తే పాడయ్యేవన్నీ మూత బిగిసే రేకు డబ్బాల్లో పోసి, పడవ తాడుతో దూలానికి కట్టింది. చిరిగిన వల కోసి గూళ్ళకు అడ్డంగా పెట్టి మేకులు కొట్టింది. మిగిలిన వల ముక్కల్లో ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ గాలి తగిలేలా వేలాడదీసింది.

"అమ్మా, కిచెన్ అంతా బోట్‌లా అయిపోయింది," అని నవ్వింది బేబీరాణి.

"ఉన్న పడవ పోనాది. ఇప్పుడిదే పడవ."

రేషన్‌లో గోధుమపిండి ఎక్కువిచ్చారు, బియ్యం తక్కువిచ్చారు. మన పేటల వాళ్ళకు రొట్టె తింటే భోజనం చేసినట్టుండదు. తిని, "ఇక అన్నం పెట్టు" అంటారు. గవరమ్మ పిండి సంచీ ఎత్తుకొని, పక్కింట్లో ఉండే హిందీవాళ్ళ దగ్గరికి, పింకీ తల్లి దగ్గరికి వెళ్ళింది. "దీదీ, మేరా ఆటా తుమ్ లే లో, తుమ్హారా చావల్ హమ్‌కో దే దో. బరాబర్ బరాబర్." బియ్యానికి పిండి మార్చుకోవడమే పింకీ తల్లికీ కావాలి. సంచులు గోడ దాటాయి.

బియ్యం కొలతకు కొబ్బరిచిప్ప పెట్టింది. పూటకు మూడు చిప్పలు. అందులోంచి కూడా పొయ్యి మీద పెట్టేముందు ఒక గుప్పెడు తీసి ముంతలో వేసేది. అది ఆమె తల్లి అలవాటు. కడుపు నిండిన రోజుల్లో గవరమ్మకు ఆ అలవాటు పిసినారితనంలా కనిపించేది. ఇప్పుడు ముంత మీద చెయ్యి వేస్తే ధైర్యంగా ఉండేది.

ఇన్నీ బాగానే ఉన్నాయి. తగువంతా చేపతో వచ్చింది.

జనం చేప మానేశారు. శవాలు తేలిన నీళ్ళలో చేప ఎలా తింటామన్నారు. ఒకటి రెండు పడవలు బాగుపడి వేటకు వెళ్ళాయి, కానీ తెచ్చినది కొనే దిక్కు లేదు. గవరమ్మ ఒకరోజు తట్టలో మంచి చేపలు పెట్టుకొని డాలీగంజ్ వెళ్ళింది. అక్కడ పద్మావతి టీచరమ్మ పదేళ్ళుగా ఆమె దగ్గరే చేపలు కొంటుంది. ఆవిడ గేటు తియ్యకుండానే, "ఈ ఏడాదికి వద్దు గవరమ్మా. తలుచుకుంటేనే కడుపులో తిప్పుతోంది. నువ్వు మాత్రం ఎలా ముట్టుకుంటున్నావమ్మా?" అంది. ఆవిడ మంచిదే, చెడ్డ మనసుతో అన్న మాట కాదు. అయినా గవరమ్మకు ఒళ్ళు మండింది. తట్ట దించకుండానే వెనక్కి తిరిగి, అంత దూరమూ ఎండలో నడిచి వచ్చింది.

ఇంటికొచ్చి చేపలన్నీ చీల్చి, ఉప్పు పట్టించి, రేకు కప్పు మీద ఎండబెట్టింది. మర్నాడు జెట్టీ దగ్గర పడవ బాగుచేసుకొని వేటకెళ్ళొచ్చిన గణేశ్వరరావు అమ్ముడుపోని చేపని నీళ్ళలో పారబోస్తుంటే, "ఆపరా" అని కేకేసి తట్ట పట్టింది. మూడో రోజుకు కప్పంతా చేపలే. జనవరి ఎండ, కొండగాలి; ఎండుచేపకు ఇంతకన్నా ఏం కావాలి? అందరూ వద్దన్నప్పుడు దాచుకున్నదే అందరూ కావాలన్నప్పుడు అక్కరకొస్తుందని గవరమ్మ లెక్క. వాసన వీధంతా కమ్మింది. గవరమ్మ గుమ్మంలోనే పొయ్యి రాజేసి, అందరూ చూస్తుండగా పట్టపగలు చేప పులుసు కాచింది.

అప్పలరాముడు వచ్చి పళ్ళెం ముందు కూర్చున్నాడు. పులుసు చూసి పళ్ళెం తోసేశాడు.

"నా తమ్ముడు ఏ సేప కడుపులో ఉన్నాడో నీకు తెల్సునేటే?"

బేబీరాణి చేతిలో ముద్ద ఆగిపోయింది. గవరమ్మ గరిటె పక్కన పెట్టింది.

"తెల్దు. మా అయ్య ఏ సేప కడుపులో ఉన్నాడో మా అమ్మకీ తెల్దు. అయ్య ఏటకెల్లి రాకుండా పోనప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. దినం అయిపోయిన మర్నాడు మా అమ్మ తట్టెత్తుకోని ఈదుల్లో సేపలమ్మినాది. అమ్మగా మిగిలింది మాకొండి ఎట్టినాది. ఆయమ్మ ఆ రోజు నీలాగ పల్లెం తోసీసుంటే నానుందునా? నీకీ కూతురుండునా?" ఆమె గొంతు పెరిగింది. "సముద్రం మన కొంపలో మడిసిని తినీసినాది. అది సాలదా? ఇప్పుడు మన కూడు కూడా దానికే ఒగ్గీమంతావా? నానొగ్గను మావా. అది మనల్ని తిన్నాది గదా, దాన్ని నాను తింతాను."

అని, పళ్ళెం దగ్గరికి లాక్కొని, మొగుడి కళ్ళల్లోకి చూస్తూ తిన్నది. ప్రతి ముద్దా రాయిలా దిగింది. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు.

అప్పలరాముడు లేచి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఏమీ అనలేం. ఆయన ఏడుపు ఆయనది, ఆమె కోపం ఆమెది. పోయినవాడు మాత్రం ఇద్దరికీ ఒక్కడే.

గవరమ్మ వంటింట్లో ఒక పూటకి ఒక కూర. వేవిళ్ళప్పుడు తనకోసం కూడా రెండోది వండుకోని మనిషి. మర్నాటి నుంచి పొయ్యి పక్కన ఒక చిన్న కుండ పెట్టింది. అందులో మొగుడికి మునగాకు పప్పు, గుమ్మడి చిగుళ్ళు, పచ్చి బొప్పాయి, ఏది దొరికితే అది. ఎందుకు పెట్టావని ఆయన అడగలేదు, పెట్టానని ఆమె చెప్పలేదు. రోజులు గడిచాయి.

ఇరవయ్యొకటో రోజు వచ్చింది. ఓడ రాలేదు.

దీవిలో ఇరవయ్యేళ్ళు బతికి ఓడ తేదీ నమ్మేవాళ్ళుంటారా? గవరమ్మ నమ్మింది. కోపం మీద ఉండి, కందిపప్పు సరిగ్గా ఇరవై ఒక్క రోజులకే కొలుచుకుంది. ఇంకో నాలుగు రోజులన్నారు. తర్వాత ఇంకో ఐదన్నారు. ముందుంది ముసళ్ళ పండగ అంటే అదే. బియ్యం డబ్బా ఖాళీ అయితే ముంతలో గుప్పెళ్ళు ఆదుకున్నాయి. ఎండుచేప అటక నిండా ఉంది. కానీ చిన్న కుండకే కరువొచ్చింది. వీధిలో మునగచెట్లన్నీ అప్పటికే మోడులయ్యాయి. అందరి కడుపులూ వాటి మీదే కదా. గవరమ్మ వాలు పైకెక్కి ఏరిన ఆకుకూరతో ఒకరోజు, అరటి దూటతో ఒకరోజు, ఉల్లిపాయ కాల్చి ఒకరోజు నెట్టింది.

ముప్పయ్యో రోజు పొద్దున్న రేవులో ఓడ కూత వినిపించింది. అప్పలరాముడు ట్రంకుపెట్టెకు తాడు కట్టాడు. గవరమ్మ పొయ్యి వెలిగించింది. ముంత బోర్లించి, అడుగున ఉన్న నూకలతో సహా వండింది. ఆ రోజు చిన్న కుండలో వెయ్యడానికి ఏమీ దొరకలేదు.

మొగుడి ముందు పళ్ళెం పెట్టింది. అందులో ఉత్త అన్నం.

"మాట పెకారం పొయ్యి ఎలిగింది," అంది. నెలరోజుల్లో అంత మెల్లిగా మాట్లాడటం అదే. "నీ పల్లెంలోకి మట్టుకు ఏటీ నేదు. సేపుంది, అది నువ్వు తినవు. ఇది నా ఓటమంతావా, అను, ఒప్పుకుంతాను. ఎల్తానంతావా, ఎల్లు. నాను మట్టుకు రాను మావా. ఆడు ఎప్పుడైనా తిరిగొత్తే, ఈ గుమ్మంలోకే గదా రావాల."

 అప్పలరాముడు పళ్ళెంలో గంజి ఒంపుకున్నాడు. వేళ్ళతో కలుపుకొని, మెతుకు మిగలకుండా తిన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. అదీ తిన్నాడు. చెయ్యి కడుక్కొని, ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్ళి వంగాడు.  ఆయన తాడు విప్పి, చుట్టలా చుట్టి భుజాన వేసుకొని, గుమ్మం దిగాడు. వాలులో నడిచింది రేవు వైపు కాదు, గణేశ్వరరావు పడవ కట్టిన జెట్టీ వైపు.

"అయ్యా, ఎక్కడికి?" అని అరిచింది బేబీరాణి.

"ఏటకి," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "నాను తిననే. మీ యమ్మ తింతాది గదా."

గవరమ్మ పొయ్యి ముందు కూర్చుండిపోయింది. నెలరోజుల నుంచి గొంతులో ఇరుక్కున్న పేరు అప్పుడు బయటికి వచ్చింది. "ఓరి కన్నారావా, నా తండ్రీ," అని, వీధంతా వినేలా ఏడ్చింది.