చెద తిన్న చోట

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో కోచింగు సెంటరు ఒక్కటే ఉండేది, అది మా అమ్మది. బోర్డు లేదు, ఫీజు లేదు. విద్యార్థులు ఇద్దరు, నేనూ మా తమ్ముడూ. వాడికి మూడేళ్లు, చదవడం కన్నా బలపాలు తినడమే ఎక్కువ. ఇప్పుడు మా మనవరాలు నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోతూ మెట్రో స్టేషను చుట్టూ అంతస్తు మీద అంతస్తుగా వేలాడే కోచింగు బోర్డులు చూపిస్తుంటే, వీళ్లందరికంటే ముందు ఇక్కడ దుకాణం తెరిచింది మా అమ్మేనే అని దాన్ని ఏడిపిస్తుంటాను. అది నమ్మదు. సీతాఫలం చెట్లూ బండరాళ్లూ తప్ప ఇక్కడ పెద్దగా ఏమీ ఉండేది కాదన్నా నమ్మదు.

మా నాయన దర్జీ. పంజగుట్టకు పోయే బాట పక్కన మాకు రెండు గదుల పెంకుటిల్లు ఉండేది. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో మేము. మాది క్రైస్తవ కుటుంబం. మా అమ్మ మిషనరీ దొరసానుల బోర్డింగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది. వాళ్ల వైపు అక్షరం ముట్టిన మొదటి ఆడపిల్ల ఆమే. దగ్గర్లో సర్కారు బడి ఉన్నా అందులో చదువంతా ఉర్దూలో. అందుకని మా సంఘంలో ఒక రివాజు ఉండేది. పిల్లకు ఆరేళ్లు నిండగానే రేకుపెట్టె ఒకటి కొని, మూత మీద పేరు రాయించి, బండెక్కించి బోర్డింగుకు పంపేయడమే. మా పాస్టరు అయ్యగారు ఏటా ఎండలు ముదరకముందే ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకునేవారు. ఎవరూ కాదనేవాళ్లు కారు. అయ్యగారు పేరు రాసుకోవడమే గొప్ప అనుకునేవాళ్లు.

మా అన్నను అట్లాగే పంపారు. మొదటి సెలవులకు వాడు ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. శుభ్రంగా ఉన్నాడు, జుట్టు నున్నగా దువ్వుకున్నాడు. అన్నం వేళకు వాడు పొయ్యి దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, “అమ్మగారూ, ఇంకొంచెం అన్నం కావాలండీ” అన్నాడు. అమ్మ వడ్డించింది. ఆ తర్వాత పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. వచ్చేసరికి కళ్లు ఉబ్బి ఉన్నాయి. బోర్డింగును నేను తప్పుపట్టను. మా అన్న అక్కడే చదివి మంచి ఉద్యోగం చేశాడు, దొరసానులు వాణ్ణి ప్రేమగానే చూశారు. కానీ సొంత కొడుకు అన్నం కోసం అట్లా నిలబడి అడగడం మా అమ్మ తట్టుకోలేకపోయింది. పెద్దవాణ్ణి పంపాను, ఈ పిల్లను మాత్రం పంపనని ఆ రోజే నాయనతో తేల్చి చెప్పింది.

నాకు ఆరు నిండగానే అయ్యగారు వచ్చారు. మంచి మనిషే పాపం, కాకపోతే తాను అనుకున్నది జరిగి తీరాలనే రకం. నాయన వేసిన స్టూలు మీద కూర్చుని పుస్తకం తీశారు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని తలుపు దగ్గర నిలబడింది.

“అయ్యగారూ, ఈ పిల్లకు బాప్తిస్మం ఇచ్చిననాడు దేవుని భయంల పెంచుతరా అని ఎవరిని అడిగిండ్రు? మమ్మల్ని అడిగిండ్రు. పెంచుతమని మేము మాటిచ్చినం. బోర్డింగు ఇయ్యలే” అంది.

నాయన మిషను తొక్కడం ఆపేశాడు. అయ్యగారి ముఖం ఎర్రబడింది. మాట ఇస్తే సరిపోదమ్మా, చదువు కూడా రావాలి, నువ్వు పొయ్యి చూస్తావా పిల్లకు చదువు చెప్తావా అని ఆయన అడిగారు. రెండూ చేస్తానంది అమ్మ. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఈస్టరు వెళ్లిన మరుసటి ఆదివారం, ఆరాధన అయ్యాక, సంఘపెద్దల ముందు నేను బైబిలు గ్రంథం చదవాలి. చదివితే ఇంట్లోనే ఉంటాను. చదవలేకపోతే జూన్‌లో బోర్డింగు. ఆయన అటు పోగానే గోడ అవతలి నుంచి అంతా విన్న పక్కింటి ఖాలా తల బయటపెట్టి, “అరె, బిడ్డ నీది, కష్టం నీది, పాదిరి సాబ్‌కు ఎందుకమ్మా ఇంత ఫికర్?” అంది. అమ్మకు నవ్వొచ్చింది గానీ నాయనకు రాలేదు. ఆయన ముందుజాగ్రత్తగా మర్నాడే ఒక రేకుపెట్టె తెచ్చి మూలన పెట్టాడు. నేను ఎప్పుడూ దానికి వీపు తిప్పి కూర్చునేదాన్ని.

మా అమ్మ చదువు చెప్పే తీరు ఆమె దేవుడి మాట నేర్చుకున్న తీరే. పొద్దున ప్రార్థన కాగానే వాక్యగ్రంథం ఒళ్లో పెట్టుకుని, వేలు మాటల కింద జరుపుతూ ఒక వరుస చదివేది. వెనకాలే నేను వేలు జరుపుతూ అనాలి. నాకు ఓడ కథంటే ప్రాణం. లోకమంతా నీళ్లయిపోవడం, జంతువులు జంటలు జంటలుగా ఎక్కడం, చివరికి పావురం ఆకు పట్టుకుని రావడం. రోజూ అదే కావాలని మారాం చేసేదాన్ని, అమ్మ కూడా మురిసిపోయి అదే చదివించేది. ఆ గ్రంథం బోర్డింగులో ఆమెకు బహుమతిగా వచ్చింది. ఒక వానాకాలం గూట్లో చెద పట్టి, సరిగ్గా పావురం తిరిగొచ్చే చోట కోటు గుండీ అంత బొక్క పడింది. అక్కడ నాలుగైదు మాటలు మాయం. ఆ చోటు రాగానే అమ్మ ఆగకుండా నోటికి చెప్పేసేది. నేనూ చెప్పేసేదాన్ని.

రెండు నెలలు తిరిగేసరికి కథంతా నా నోట్లో ఉంది. వేలు జరుపుతూ గడగడా అప్పజెప్పేదాన్ని. అక్షరాలు విడివిడిగా గుర్తుపట్టేదాన్ని గానీ, అవి కలిస్తే మాట అవుతుందన్న సంగతి నాకు అంతుపట్టలేదు. చదవడమంటే ఇదే కాబోలు అనుకున్నాను. అబద్ధమెందుకు, సగమే అట్లా అనుకున్నాను, మిగతా సగం నాకు తెలుసు. అమ్మ వేరే పుట తీస్తే నాకు వెంటనే కడుపునొప్పి వచ్చేది. వంట, కాజాలు కుట్టడం, తమ్ముడి నోట్లోంచి బలపం లాగడం, వీటన్నిటి మధ్య బిడ్డకు చదువొచ్చేసిందన్న సంబరంలో అమ్మ ఏదీ గమనించలేదు.

ఆ ఆదివారం రానే వచ్చింది. మా మందిరం రేకుల కప్పుది, ఎండకు లోపల ఉడికిపోయేవాళ్లం. ఆరాధన అయ్యాక పెద్దలు నలుగురూ ముందు బెంచీ మీద కూర్చున్నారు. నాకిష్టమైన చోటే తియ్యమన్నారు అయ్యగారు. నన్ను ఒక బల్ల మీద నిలబెట్టి, అమ్మ పక్కన గ్రంథం పట్టుకుని నిలబడింది. నేను మొదలుపెట్టాను. వాన కురిపించాను, ఓడ తేల్చాను, పావురాన్ని వదిలాను, తిరిగి తెచ్చాను. ఎక్కడా తడబడలేదు. పూర్తి కాగానే ఒక పెద్దాయన గట్టిగా స్తోత్రం అన్నాడు. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “పిల్ల మస్తు సదివింది. ఇంట్లనే ఉండనీయుండ్రి” అన్నారు. రేకుపెట్టె పీడ వదిలిందిరా దేవుడా అనుకుని అమ్మ వైపు తిరిగాను.

అమ్మ నన్ను చూడటం లేదు. పుటనే చూస్తోంది. ఆమె బొటనవేలు ఆ బొక్క మీద ఉంది.

“అయ్యగారూ, జర ఆగుండ్రి” అంది. “పిల్ల సదువలే. ఈడ చెద తిన్నది. లేని మాటలు సుత సదివింది. అంటే నోటికి అప్పజెప్పింది. తప్పు దానిది కాదు, నాది. నేనే గట్ల నేర్పిన. నాకు సుత గిప్పుడే తెలిసింది.”

నాకైతే ఒళ్లు మండిపోయింది. ఎవరూ చూడలేదు కదా, ఎవరూ అడగలేదు కదా, నోరు మూసుకుని ఇంటికి పోతే ఏం పోయె! ఇందాక స్తోత్రం అన్న పెద్దాయనే, ఇంకేముంది, పెట్టె సర్దుకోండి అన్నాడు. నాయన తల వంచుకున్నాడు. అయ్యగారు గ్రంథం చేతిలోకి తీసుకుని, ఆ పుట ఎత్తి, బొక్కలోంచి వెలుతురు చూశారు. బోర్డింగు తెరవడానికి ఇంకా రెండు నెలలుంది కదా, అప్పుడు చూద్దాం తల్లీ అని మాత్రం అన్నారు.

ఇంటికి నడిచొస్తూ దారంతా ఏడ్చాను. దెబ్బలు పడతాయనుకున్నాను, పడలేదు. ఒక బండ పక్కన నీడ చూసుకుని అమ్మ నన్ను కూర్చోబెట్టి, కొంగుతో ముక్కు తుడిచింది. “నీకు రాకపోతె నేర్పుత బిడ్డా, ఎన్నిసార్లయినా నేర్పుత. వచ్చినట్టు చేస్తె నేనేం నేర్పాలె చెప్పు?” అంది. అప్పుడు ఆమె కళ్లలోనూ నీళ్లున్నాయి. నన్ను పోగొట్టుకుంటానేమోనన్న భయం ఆమెకు నాకన్నా ఎక్కువే. అయినా ఆ మాట దాచలేదు. ఎంత గుండె ఉండాలి!

మర్నాటి నుంచి వాక్యగ్రంథం ప్రార్థనకే. చదువుకు నాయన కొలతల పుస్తకం వచ్చింది. బట్టలు కుట్టించుకునేవాళ్ల కొలతలన్నీ నాయన అందులో పెన్సిలుతో తెలుగులో రాసుకునేవాడు. రోజుకో కొత్త మనిషి, కొత్త మెడ, కొత్త చెయ్యి, వీటిని నోటికి పట్టడం ఎవరి తరమూ కాదు. అమ్మ పెట్టిన నియమం ఒక్కటే. రాని మాట దగ్గర ఆగి, రాదు అని చెబితే బెల్లం ముక్క. ఊహించి చెబితే మళ్లీ మొదటి నుంచి. మొదటి వారం నేను తిన్నంత బెల్లం మా వాడలో ఎవరూ తిని ఉండరు. తప్పు చదివినప్పుడల్లా నాయన, “నువ్వు జెప్పినట్టు కుడితె తాసిల్దారు సాబ్‌కు మూడు చేతులైతయి” అని నవ్వించేవాడు. ఒకరోజు ‘భుజం’ అన్న మాట దగ్గర, గుండీ కాజాలో పడ్డట్టు, అక్షరానికి అక్షరం తగులుకుంది. నేను అరిచిన అరుపుకు ఖాలా గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

ఆ సెలవులకు మా అన్న వచ్చాడు. అమ్మ వాణ్ణి పొయ్యి పక్కనే కూర్చోబెట్టుకుని, గిన్నె ముందుపెట్టి, నీకెంత కావాలో నువ్వే పెట్టుకో అంది. వాడు రెండు రోజులు మొహమాటపడ్డాడు. మూడో రోజు గరిటె కోసం నాతో కొట్లాడాడు.

జూన్‌లో అయ్యగారు మందిరానికి పిలవలేదు, తానే ఇంటికి వచ్చారు. మాటల మధ్యలో బల్ల మీదున్న కొలతల పుస్తకం అందుకుని మధ్యలో ఎక్కడో తెరిచి నా చేతికిచ్చారు. నాయన మిషను దగ్గరి నుంచి లేచి, “గా పుట వద్దు అయ్యగారూ” అన్నాడు. అయ్యగారికి అనుమానం వచ్చినట్టుంది. అదే చదవాలి అన్నారు. నేను వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. “పాస్టరు అయ్యగారి కోటు. ఛాతి నలభై. నడుము నలభై రెండు. పోయినసారికన్న మూడంగుళాలు ఎక్కువ. అడిగితె చెప్పొద్దు.”

మా అన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాయన ముఖం చూడాలి అప్పుడు! అయ్యగారు గంభీరంగానే, ఇంకా చదువు అన్నారు. తర్వాతి వరుసలో నూనె మరక ఉంది. ముందున్న మాట ‘కుడి’. వెనకున్న మాట ‘కిందికి’. మధ్యలో ఏముంటుందో నాకు తెలుసు. నాయన అందరికీ కుడి భుజం జర కిందికి అనే రాసేవాడు. అయినా అమ్మ వైపు చూసి, వేలు అక్కడే ఆపి, “ఈడ మరక పడ్డది. నాకు కనవడ్తలే” అన్నాను.

అయ్యగారు నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసేశారు. అప్పుడు నవ్వారు, ఆ మూడంగుళాలూ ఊగేలా నవ్వారు. ఇంతదాకా వస్తే చాలమ్మా, మీరిచ్చిన మాట మీరే నిలబెట్టుకోండి అని అమ్మతో అని, తన పుస్తకంలోంచి నా పేరు రాసుకున్న కాగితం చింపేశారు. రేకుపెట్టెలో నాయన ముక్కబట్టలు వేసుకున్నాడు.

పదకొండేళ్లు వచ్చేదాకా అమ్మే నాకు బడి. తర్వాత నేనూ పంతులమ్మనయ్యాను, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. పిల్లలు అడిగింది తెలియకపోతే తెలియదనే చెప్పేదాన్ని. తోటి పంతుళ్లు వెనక నవ్వుకునేవాళ్లు, నవ్వుకోనీ. ఆ ఒక్క మాట అనడానికి మా అమ్మ తన బిడ్డనే పణంగా పెట్టింది, నాకు పోయేదేముంది?

ఆ గ్రంథం ఇప్పుడు నా దగ్గరుంది. కళ్లకు మసకలు కమ్మాయి కాబట్టి మనవరాలే చదివిపెడుతుంది. ఓడ కథ నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా నోటికొచ్చు. బొక్క దగ్గరికి రాగానే అది, “ఇక్కడ మాటలు లేవు అమ్మమ్మా, నీకు వచ్చు కదా, చెప్పు” అంటుంది. నేను చెప్పను. లేదు కదా, ఆగు అంటాను. కాసేపు ఇద్దరం అక్కడ ఆగుతాం. నేను తడుముకుని ఆ చోటు మీద బొటనవేలు పెడతాను, మా అమ్మ పెట్టినట్టే. ఆ తర్వాత ముందుకు చదవమంటాను.