పెద్దమ్మ అడిగిన మాట

దయ్యాల కథలు ఎవరు మొదలుపెట్టినా నేను మధ్యలో లేచిపోయే రకం. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం సంగతి కాదు. హన్మకొండలో నాకు కంప్యూటర్ రిపేర్ షాపు ఉంది. చెడిపోయిన హార్డ్ డిస్కుల నుంచి ఫొటోలు, ఫైళ్లు బయటికి తీయడం నా పని. మెదడు కూడా ఒక కంప్యూటరే, మనసు అందులో నడిచే ప్రోగ్రామే అని గట్టిగా నమ్మేవాణ్ణి.

మా పెద్దమ్మది రఘునాథపల్లి. మతిమరుపు జబ్బు ముదిరాక ఆమె కూతురు రమక్క మట్టెవాడలోని తన ఇంటికి తెచ్చుకుంది. పెద్దమ్మకు మొదట పేర్లు పోయాయి, తర్వాత మనుషులు, చివరికి మాటే పోయింది. ఏడాదికి పైగా ఆమె నోరు విప్పలేదు. ముద్ద పెడితే మింగేది, అంతే. డాక్టర్ స్కాన్ చూపించి, కొత్త విషయాలు గుర్తుంచుకునే భాగం దాదాపు పూర్తిగా కుంచించుకుపోయిందన్నాడు.

అయినా రమక్క స్నానం చేయిస్తూ, తల దువ్వుతూ ఆమెతో మాట్లాడుతూనే ఉండేది. ఆమె వింటుందా అని నేను అడిగితే, "ఇనకపోతే ఇనకపోయింది తమ్మీ. నా మనసన్న తేలికైతది" అనేది.

ఒక ఆదివారం పొద్దున రమక్క ఫోన్ చేసింది. "అమ్మ మాట్లాడుతాంది. జల్ది రా" అంది. నమ్మకం కుదరకుండానే బండి తీశాను.

పెద్దమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. చూపు తేటగా ఉంది. "సీనూ, గట్ల చిక్కినవేందిరా? తింటలేవా?" అంది. పచ్చిపులుసు అడిగి, అన్నంలో తనే కలుపుకుని తింది. ఆశ్చర్యపోయాను గానీ భయం వేయలేదు. పాడైన డిస్కు కూడా ఒక్కోసారి ఉన్నట్టుండి తెరుచుకుంటుంది, పాత ఫైళ్లు దొరుకుతాయి. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

చెయ్యి కడుక్కున్నాక ఆమె కూతురి వైపు తిరిగింది.

"రమా, ఆ గడ్డ దవాఖానల చూపిచ్చుకున్నవా?"

రమక్క చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఏం గడ్డ అని నేను అడిగితే, "ఏం లేదు తమ్మీ" అంది.

పెద్దమ్మ వదల్లేదు. "రొమ్ముల గడ్డ అయిందని నువ్వే జెప్తివి గద బిడ్డా. నాకు నీళ్లు పోసుకుంట ఏడిస్తివి. నొస్తలేదని ఇడిసిపెట్టకు."

రమక్క చెంబు కింద పెట్టి, నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఆ సంగతి తన భర్తకు, అంటే మా బావకు కూడా చెప్పలేదట. కొద్ది రోజుల కిందట ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తల్లికి స్నానం చేయిస్తూ చెప్పుకుని ఏడ్చిందట. వినే మనిషి కాదనే ధైర్యంతోనే చెప్పిందట.

సాయంత్రానికి పెద్దమ్మ మాట మళ్లీ ఆగిపోయింది. ఆ వారంలోనే పోయింది.

దినాలు కాగానే బావా నేనూ రమక్కను దవాఖానకు తీసుకెళ్లాం. క్యాన్సరే. కానీ మొదటి దశలోనే దొరికింది. హైదరాబాదులో ఆపరేషన్, తర్వాత కీమో అయ్యాయి. ఊడిపోయిన జుట్టు మళ్లీ వచ్చింది, ఇప్పుడు రమక్క బాగుంది.

పెద్దమ్మను చూసిన డాక్టర్‌ను అడిగాను. చివరి రోజుల్లో కొందరికి ఇలా తెలివి వస్తుందని, ఎందుకో తమకూ తెలియదని అన్నాడు. పాత జ్ఞాపకాలు తిరిగొచ్చాయంటే నేను సర్దుకోగలను. కానీ ఈ మాట ఆమె విన్నది జబ్బు ముదిరాక. రాసుకునే చోటే లేని డిస్కు మీద అది ఎలా పడింది? తెర మాత్రమే ఆరిపోయి, లోపల ప్రోగ్రామ్ నడుస్తూనే ఉందా? అలాగైతే స్కాన్‌లో నా కళ్లతో నేను చూసిందేమిటి?

ఒకరోజు ఇదంతా రమక్క ముందు పెట్టాను. ఆమె ఓపిగ్గా వింది.

"అమ్మ ఆ మాట ఎక్కడ దాసుకున్నదని అడుగుతాన్నవ్ తమ్మీ. సరే. మరి గన్ని దినాలు లోపట కూసోని నా గురించి ఫికర్ జేసిందెవరు? జర గది జెప్పు" అంది.