వెనక్కి తిరిగి చూసినాయన బొమ్మ

మొన్న సోమవారం ఆఫీసుకి వెళ్ళేసరికి లిఫ్టు పక్కన బొమ్మలన్నీ గోడకేసి మొహం తిప్పి నిలబెట్టి ఉన్నాయి, అల్లరి చేసి శిక్ష పడ్డ బడిపిల్లల్లాగా. జనంలో సగం మంది ఇళ్ళ నుంచే పనిచేస్తున్నారని మా కంపెనీ ఈ హైటెక్ సిటీ భవనంలో ఒక అంతస్తు ఖాళీ చేసేస్తోంది. సామాన్లు సర్దిస్తున్నాయన నన్ను చూసి, “మేడమ్, ఏదన్న కావాల్నంటే తీస్కపోండ్రి. ఇగ గివన్ని గోదాంల పడేసుడే,” అన్నాడు. ఒక్కొక్క ఫ్రేమూ వంచి చూశాను. నేను వెతుకుతున్నది చివరి నుంచి రెండోది. దాన్ని కాసేపు చూసి, మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేసి నా సీట్లోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ పూట పని చేస్తున్నట్టు నటించడం తప్ప నేను చేసిందేమీ లేదు.

అవన్నీ గ్రీకు పురాణాల బొమ్మలు. అసలువి ఏయే దేశాల మ్యూజియాల్లో ఉన్నాయో నాకు తెలీదు, మావి గుడ్డ మీద అచ్చేసిన నకళ్ళు. కంపెనీ విదేశీ యజమానికి వాటి మీద మోజట, అందుకని మీటింగు గదులకి కూడా ఆ పేర్లే పెట్టించాడు. ఒక్కటీ మాకు నోరు తిరిగేది కాదు. నోరు తిరగని వాళ్ళతో చుట్టరికం కలుపుకోవడమే సుఖమని మేం వాళ్ళకి వరసలు పెట్టేసుకున్నాం. కొండ మీదకి బండ దొర్లించి, అది కిందకి జారిపోతే మళ్ళీ మొదలుపెట్టేవాడు బండ బాబాయి. మైనం రెక్కలు కట్టుకుని సూర్యుడి దాకా ఎగరబోయి పడిపోయేవాడు రెక్కల తమ్ముడు. రాతికి కట్టేసి ఉండగా రోజూ గద్ద వచ్చి కాలేయం పొడుచుకు తినేది గద్ద మావయ్యది. “మూడింటికి గద్ద మావయ్య గదిలో మీటింగు” అంటే ఇంక ఎవరికీ వివరం అక్కర్లేదు, అక్కడ జరిగేది కూడా దాదాపు అదే.

మా అక్క మొగుడు, అంటే మా బావగారు, అదే అంతస్తులో టెస్టింగ్ టీముకి పెద్ద. నన్ను ఆ ఉద్యోగంలో పెట్టించింది కూడా ఆయనే. మనిషి కంప్యూటర్ల మధ్య ముప్ఫై ఏళ్ళు గడిపినా ప్రాణం మాత్రం పద్యంలో ఉండేది. భోజనం అయ్యాక అందరూ కింద రోడ్డు మీదకి టీకి పోతుంటే, ఈయన బొమ్మల ముందు నిలబడి వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టుకునేవారు. ఒకరోజు బాలానగర్ నుంచి వచ్చే సహోద్యోగి ఒకతను పక్కన నిలబడి, “ఏంది సార్, గాయిన గుట్ట మీదికి గుండు నూకుతనే ఉంటడా? అచ్చం మన లెక్కనే ఉన్నడు గద,” అన్నాడు. మర్నాటికి ఆఫీసు తెలుగువాళ్ళందరి ఫోన్లలోకి ఈ ఆటవెలది వచ్చింది.

కొండ మీద బండ కుదురుగా నిలిచింది
దాని పక్కనతడు తాగె చాయ
కాళ్ళు చాపి పిదప గాలికి కునికాడు
మంచి జరుగుగాక మనకు కూడ

ఆయన పద్యాలన్నీ ఇంతే. రెక్కల తమ్ముడు సముద్రంలో కాకుండా మన దుర్గం చెరువులో పడి, తీగల వంతెన మీద ఫొటోలు దిగేవాళ్ళు కేకలేస్తే బయటపడ్డాడు. గద్ద మావయ్య గద్ద కార్తీకమాసంలో మాంసం మానేసి, ఇంక మళ్ళీ ముట్టలేదు. “బావగారూ, గ్రీకులు మన మీద కేసు పెడతారేమోనండీ” అని నేను ఏడిపిస్తే, “ఇంట్లో పుట్టిన పద్యం అశుభంతో ఆగకూడదు మరదలా. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు,” అనేవారు. మనం నోటితో ఏదంటే దానికి తథాస్తు అనేసి చక్కా పోతారట ఆ దేవతలు. వాళ్ళ భయంతోనే మా అక్కావాళ్ళింట్లో బియ్యం అయిపోవడం ఉండదు, నిండుకుంటాయి. గడప దాటేవాళ్ళు వెళ్తాననరు, వెళ్ళొస్తానంటారు. నాకు మాత్రం ఆ దేవతల మీద ఎప్పుడూ సదభిప్రాయం లేదు. ప్రమోషను వస్తుందని నేను ఎన్నిసార్లు పైకి అనుకున్నా ఒక్క దేవతకీ వినపడలేదు, చెడ్డమాటకైతే చెవులు రిక్కించుకు కూర్చుంటారు.

అక్కకి జబ్బు చేశాక ఆ ఇంట్లో మాటలే మారిపోయాయి. డాక్టరు బావగారిని బయటకి పిలిచి చెప్పిన సంగతి ఆయన నాకు ఆసుపత్రి కారు పార్కింగులో చెప్పి, “ఇంట్లో ఆ జబ్బు పేరు ఎత్తకు,” అన్నారు. అప్పట్నుంచి అది జబ్బు కాదు, నలత. ఆసుపత్రికి వెళ్ళడం చెకప్పు. అక్క బాచుపల్లిలో ఒక బళ్ళో పదో తరగతికి సైన్సు చెప్పిన మనిషి. రిపోర్టు మాకంటే ముందే చదువుకుంది. ఆవిడకి చాలా చెప్పాలని ఉండేది. తన చీరల గురించి, ఆయన ఒంటరిగా వంట ఎలా చేసుకోవాలో, ఇంకా నాకు తెలియనివెన్నో. “నేను లేకపోతే” అని మొదలుపెట్టేది. అంతే, బావగారు లేచి, “నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది,” అని మందుల కోసమో నీళ్ళ కోసమో వెళ్ళిపోయేవారు. రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఆయన ఆవిడ మొహంలోకి చూడటం నేను చూడలేదు. మాత్రల అట్ట చూసేవారు, జ్వరం చూసే మీటరు చూసేవారు, సెలైను చుక్కలు చూసేవారు. మొహం చూస్తే ఏడుపొస్తుందని, ఏడిస్తే అశుభమని.

బావగారు పద్యం రాయని బొమ్మ ఒకటుండేది. ఓ సంగీతగాడి పెళ్ళాన్ని పాము కరిచింది. ఆయన పాతాళానికి పోయి, అక్కడి యముడి లాంటి దేవుడి మనసు వాయిద్యంతో కరిగించాడు. తీసుకెళ్ళమన్నాడు ఆ దేవుడు, కానీ ఆవిడ వెనక నడుస్తుంది, వెలుతురు వచ్చేదాకా తిరిగి చూడకూడదన్నాడు. గుమ్మం దగ్గరికొచ్చాక ఆయన ఉండలేక చూశాడు. ఆవిడ వెళ్ళిపోయింది. మన వైపు ఇల్లాలు యముడి వెంట నడిచి మొగుణ్ణి గెలుచుకొచ్చింది, అక్కడి మొగుడు అంత దూరం వెళ్ళీ పోగొట్టుకున్నాడు. ఆ బొమ్మని నేను ఫోనులో అక్కకి చూపించి కథ చెప్పాను. ఆవిడ చాలాసేపు చూసింది. “దీని మీద మీ బావని రాయమనవే. ఉన్నదున్నట్టు,” అంది.

రాశారు. కానీ ఉన్నదున్నట్టు కాదు. పద్యంలో ఆ దంపతులు క్షేమంగా అక్కావాళ్ళ ఫ్లాటున్న నల్లగండ్ల చేరి పాలు పొంగించుకున్నారు. కిటికీ వైపు తిరిగి చదివారు. అక్క విని, “బాగుందండీ. కానీ ఆవిడేమందో రాయలేదేం?” అంది.

“ఎవరు?” అన్నారు బావగారు.

“ఆయన వెనక నడిచొచ్చినావిడ. పాపం దారంతా ఆవిడకి కనిపించింది ఆయన వీపే కదా. చివరికి ఒక్కసారి తిరిగి చూశాడు. ఆవిడకి కోపం వచ్చిందంటారా? నేనైతే సంతోషించేదాన్ని.”

“అలాంటి మాటలొద్దు. మాత్ర వేసుకునే టైమైంది,” అని ఆయన వంటింట్లోకి వెళ్ళారు. నేను అక్క కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. నాకు చెప్పలేనంత దిగులేసింది.

వానలు వెనకబట్టాక అక్క ఆసుపత్రిలో పోయింది. అంతకు ముందురోజు, బావగారు మంచం పక్కన సెలైను సీసా చూస్తూ నిలబడి ఉంటే, “ఏవండీ, ఒకసారి ఇటు చూడండి,” అంది. ఆయన సీసా మీద నుంచి చూపు తిప్పకుండా, “తగ్గిపోతుంది, ఆదివారానికి ఇంటికెళ్ళిపోదాం,” అన్నారు. అక్క కళ్ళు మూసుకుంది. తర్వాత ఆయనతో గానీ నాతో గానీ ఏమీ అనలేదు. బొమ్మలో ఆయన చూసి పోగొట్టుకున్నాడు, మా బావగారు చూడకుండా పోగొట్టుకున్నారు. నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. ఆయన్ని చూస్తే జాలీ ఆగదు. రెండూ ఒకే చోట కాపురం చేస్తున్నాయి.

బావగారు రిటైరై ఆ ఫ్లాట్లోనే ఒక్కరూ ఉంటున్నారు. అక్క పోయాక ఒక్క పద్యమూ రాయలేదు. సోమవారం సాయంత్రం ఫోను చేసి, బొమ్మలు తీసేస్తున్నారని చెప్పాను. ఏ బొమ్మ అని ఆయన అడగలేదు. “తేకు మరదలా,” అని పెట్టేశారు. మర్నాడు పొద్దున నా ఫోనుకి ఇది వచ్చింది.

వెనుక నడిచె నామె వెలుతురే కనరాక
తిరిగి చూడలేదు తెలివిలేక
చూచునంతలోనె చోటు ఖాళీ యయ్యె
ఇంక మిగిలె దారి యింత పొడుగు

మెట్రోలో నిలబడి చదివాను. స్టేషను దిగి ఆయనకి ఫోను చేశాను.

“గణాలు సరిపోయాయా?” అన్నారు.

“సరిపోయాయి బావగారూ.”

“మీ అక్కకి నచ్చేదంటావా?”

“నచ్చేదండీ,” అన్నాను. అవతల ఆయన ఏడుస్తున్నారు. ఊరుకోమని నేను అనలేదు.

మంచీ చెడూ అనుకోకుండా ఆ నాలుగు పాదాలు ఆయన ఆ మంచం పక్కన చదివి ఉంటే అక్క బతికేది కాదు, కానీ ఒంటరిగా పోయేది కాదు. ప్రతి మాటకీ ఒక వేళ ఉంటుంది. ఆ వేళకి అనని మాటని తర్వాత ఎంత అందంగా అన్నా, కాలం దాన్ని తీసుకెళ్ళి ఇవ్వాల్సిన వాళ్ళకి ఇవ్వదు.