గాలి తగలని అక్షరాలు

వీధంతా ఆయన్ని రంగులాయన అంటారు. అక్షరాలను బొమ్మలు చేసి అచ్చువేయడం ఆయన బతుకుతెరువు. పాత పత్రికల్లోంచి సోడా సీసాలూ, టూత్‌పేస్టు నవ్వులూ, కారు చక్రాలూ కత్తిరించి, ఒక్కో అక్షరం ఒంట్లో కిక్కిరిసేలా అతికించి, కళ్లు జిగేల్‌మనే గులాబీ, పసుపు రంగుల్లో పోస్టర్లు తీస్తాడు. ఆయన ‘ఠ’ నడుమ చుక్క ఉండదు, ఎవరో సినిమాతార కన్ను ఉంటుంది. తాడు మీద ఆరేసిన ఆ కన్ను గదిలో ఏ మూల నిలబడ్డా మనల్నే చూస్తుంది. అక్షరమంటే నాశనం లేనిదని పెద్దలన్నారు. దాన్ని అచ్చువేసే మనిషి సంగతి మాత్రం వాళ్లకు పట్టలేదు.

ఈ పనికో నియమం ఉంది. చట్రానికి బిగించిన సన్నటి వలగుడ్డ మీద రంగు పోసి రబ్బరు పలకతో లాగితే, కింది కాగితం మీద అక్షరం పడుతుంది. గాలి తగిలిందా, రంగు గుడ్డలోనే ఆరి రంధ్రాలు పూడిపోతాయి. అందుకే కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, థిన్నరు ఘాటులోనే పనిచేయాలి. అలా పనిచేసి పనిచేసి రంగులాయనకు వాసన తెలియడం పోయింది. మొదట్లో జలుబన్నాడు. తర్వాత ఆ మాటా మానేశాడు. భార్య పోయాక, పాలు మాడినా అన్నం అడుగంటినా కూతురే చెప్పేది. ‘అమ్మాయి ముక్కుందిగా, నాకేం దిగులు’ అని గుండె మీద చెయ్యేసుకుని బతికాడు.

ఆ మధ్యాహ్నం కూతురు తను సొంతంగా కూర్చిన మొదటి అక్షరం ‘ఱ’ను అచ్చుతీస్తోంది. మెట్ల మీంచే ఆయన అక్క కేకలు మొదలయ్యాయి.

“స్విచ్చులు ముట్టుకోకండర్రా! ముక్కులు తాకట్టు పెట్టారా ఇద్దరూ? వీధి దాకా గ్యాసు కంపు!”

మూలనున్న పొయ్యి మీద టీ పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు సన్నగా బుసకొడుతోంది. అక్క పొయ్యి మీట కట్టేసి, కిటికీలు బార్లా తెరిచింది.

“అత్తా, కిటికీ! రంగు ఆరిపోతుంది!”

“రంగుదేముందే, మీ ఇద్దరి దీపాలే ఆరిపోయేవి. నీకు వాసన రాలేదూ?”

“జలుబుగా ఉందత్తా.”

రంగులాయన చేతిలో కత్తెర ఆగిపోయింది.

అక్క తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్లాక, ఆయన గుడ్డపేలికను థిన్నరులో ముంచాడు.

“ఓసారి కళ్లు మూసుకో అమ్మా. ఇదేంటో చెప్పు.”

తడి పేలిక ఆమె ముక్కుకు వేలెడు దూరంలో పట్టుకున్నాడు. కూతురు గాఢంగా ఊపిరి పీల్చి నవ్వింది.

“ఏమీ పెట్టకుండానే చెప్పమంటావేంటి? ఆటలాపు నాన్నా, పనుంది.”

కళ్లు తెరిచి, ఆయన చేతిలో పేలికను చూసింది. నవ్వు సగంలో ఆగింది. వెళ్లి కిటికీ మూసి గొళ్లెం పెట్టింది. ఆయన వెనకే వెళ్లి గొళ్లెం తీశాడు. ఆమె మళ్లీ పెట్టింది.

“గాలి తగలకూడదని నువ్వే కదా నేర్పావు. ఈ ఒక్కటీ అయిపోనీ నాన్నా.”

పోయిన ఇల్లాలు కిటికీ తెరవమన్నప్పుడల్లా ఆయన అన్న మాటే అది. ఆయన చెయ్యి గొళ్లెం దాకా వెళ్లి ఆగింది. వెనక రబ్బరు పలక మళ్లీ బరబరా కదిలింది.