దేవుని పేరు చెప్పి కొన్న గది

ఏళ్ల తరబడి నాలుక కింద ఒక అబద్ధం పెట్టుకుని పాటలు పాడాను, ప్రార్థనలు చేశాను, పదిమందికి వాక్యం చెప్పాను. వింటే చిన్న మాట. దాని బరువు మోసిన నాకే తెలుసు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను ఓదార్చనవసరం లేదు. నా విశ్వాసానికి ఏ లోటూ రాలేదు. క్షమాపణ ఉందని నాకు గట్టిగా తెలుసు. దాన్ని ఎలా అడగాలో ఎంతోమందికి నేర్పినదాన్ని. అందుకే అడగకుండా తప్పించుకునే దారులు కూడా నాకు బాగా తెలుసు.

నేను అనంతపురంలో ఒక బడిలో టీచర్ని. పెళ్లి చేసుకోలేదు. అప్పట్లో బుక్కరాయసముద్రంలో తమ్ముడి ఇంట్లో ఉండేదాన్ని. మరదలు మంచిదే. అయినా నా మంచం హాల్లో ఉండేది. ఇంట్లోవాళ్లు టీవీ కట్టేసిన తర్వాతే అది నా గది అయ్యేది.

మా చర్చి సంఘంలో స్త్రీల కూడికను నడిపేది నేనే. శుక్రవారం సాయంత్రం ఆడవాళ్లం చేరి పాటలు పాడతాం, వాక్యం వింటాం, చివర్లో ప్రార్థన మనవులు చెప్పుకుంటాం. భర్త తాగుడు, కూతురి కాన్పు, ఎండిన బోరు, కోర్టుకెక్కిన గట్టు తగాదా, ఏదైనా సరే. పదిమందిలో చెప్పలేనివాళ్లు నా చెవిలో చెబుతారు. వాటిని నేను దేవుని ముందు పెట్టాలి, ఇంకెక్కడా పెట్టకూడదు. ఆ నమ్మకం మీదే ఆ కూడిక నిలబడి ఉంది.

సుగుణమ్మ తన మనవిని చెవిలోనే చెప్పింది. ఆమె ఒక ఆస్పత్రిలో ఆయా. భర్త పోయాక బావగారి ఇంటి వరండాలో ఉంటోంది. ఆ వరండాకు తలుపు లేదు, చీర కట్టుకోవాలన్నా ఇంకొకరి గదిలోకి పోవాలి. బత్తలపల్లె దగ్గర భర్త వాటా మెట్ట పొలం అమ్మితే ఆమె చేతికి కొంత డబ్బు వచ్చింది. దాని మీద బావగారి కన్ను పడకముందే ఒక చిన్న ఇల్లు కొనాలనుకుంది. బ్రోకరు ఒకటి చూపించాడు. కొనేముందు పెద్దవాళ్లను ఆ ఇంటికి పిలుచుకుపోయి ప్రార్థన చేయించడం మాలో మామూలే. నన్ను పిలిచింది. వెళ్లాను.

దాన్ని బ్రోకరు స్టూడియో అపార్ట్‌మెంట్ అన్నాడు. ఒకటే గది. గోడ వెంబడి వంట గట్టు, మూలన బాత్రూం, నేలకు తాడిపత్రి బండలు, ముందు ఒక కుర్చీ పట్టేంత బాల్కనీ. కింద బజారు. ఉగ్గాని, బజ్జీల బండి దగ్గర జనం, గాజుల అంగడి, పూలవాళ్ల కేకలు, దారి వదలని ఆటోలు. ఆ సందడంతా మేడ మీదికి వచ్చేసరికి పక్కింట్లో పెళ్లి జరుగుతున్నట్టు వినిపించింది. తలుపు తీసిన వాచ్‌మన్ కుళాయి తిప్పాడు. నీళ్లు దూకుడుగా పడ్డాయి. ముగ్గురం ఆ నీళ్లనే చూశాం.

వాచ్‌మన్ వెళ్లాక సుగుణమ్మ తలుపు మూసి లోపలి గడియ పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. చిన్నపిల్లలా నవ్వింది.

నేను ప్రార్థన మొదలుపెట్టాను. నా గొంతు మంచిది, నా మాట తడబడదు. ఈ గదిని నీ బిడ్డకు విశ్రాంతి స్థలంగా ఇవ్వమని అడుగుతూ అడుగుతూ కళ్లు తెరిచాను. ఎందుకు తెరిచాను? నాకిప్పటికీ తెలియదు. ఎదురుగా ఆమె, నెత్తిన కొంగు, గట్టిగా మూసుకున్న కళ్లు. ఆమె తల మీదుగా బాల్కనీలోంచి ఎండ. నా నోరు ఆమె కోసం అడుగుతూనే ఉంది. నా కళ్లు మాత్రం నా మంచం ఎక్కడ పడుతుందో చూసుకుంటున్నాయి. ఆమేన్ అన్నాను. ఆమె నాకంటే గట్టిగా అంది.

ఆ శుక్రవారం కూడిక అయ్యాక సుగుణమ్మ నన్ను చర్చి మెట్ల దగ్గర పట్టుకుంది.

"ఏమక్కా, దేవుడేమన్నా చెప్పినాడా? బ్రోకరు పొద్దన్నించి ఫోన్ మీద ఫోన్ చేస్తాండాడు. అడ్వాన్స్ ఇచ్చేద్దునా?"

నేను వంగి చెప్పులు వేసుకుంటూ అన్నాను. "ఆత్రపడొద్దు సుగుణా. ప్రార్థనలో పెట్టినాను. దేవుడు వద్దంటాండాడు."

"వద్దంటాండాడా? ఎందుకంట?"

"అన్నీ మనకు చెప్పల్లనా ఆయన?"

"అట్లగాదులే. నీళ్లుండాయి, గడియ ఉండాది, కిందికి దిగితే బజ్జీలు గూడా ఉండాయి. ఆయప్పకు ఇంగేం తక్కువ కనపడిందో అని." నవ్వింది. నేను నవ్వలేదు. అది చూసి ఆమె కూడా ఆగింది. "నీకు నిజంగా చెప్పినాడా అక్కా?"

"నేను అబద్ధం చెప్తానా?"

"ఛ, ఛ! ఏం మాటక్కా అది? నువ్వు చెప్పినాక ఇంగేముండాది. వద్దంటే వద్దు. ఆ బ్రోకరుకు చెప్పేస్తాలే."

అంతే. ఒక మనిషి ఇల్లు పోవడానికి అంత సేపే పట్టింది.

బ్యాంకులో అప్పు తీసుకుని ఆ గది నేను కొన్నాను. ఆ రోజుల్లో నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఆమె ఒంటరిది, బజారు మధ్య ఎలా ఉంటుంది అనుకున్నాను. నేను మాత్రం ఒంటరిని కానా? ఈ ఇంట్లో కూడికలు పెడతాను, దేవుని పనికి పనికొస్తుంది అనుకున్నాను. కూడికలు పెట్టిన మాట నిజమే. దొంగిలించిన గదిలో పాడినా పాట పాటే అవుతుందా? ఈ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు. వేసుకుంటే ఆ గది కొనలేనని నాకు తెలుసు.

ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. అడగని ఇంటిని దేవుడు నాకు ఇచ్చాడన్నాను. వీధి పేరు చెప్పగానే సుగుణమ్మ తలెత్తింది. నేను సాక్ష్యం త్వరగా ముగించి కూర్చున్నాను. ఆరాధన అయ్యాక నేరుగా నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నాకు వద్దనింది నీకియ్యడానికా! ముందే చెప్పింటే ఊరికే ఆశ పడకపోదును గదక్కా!"

ఎగతాళి కాదు. ఆమెకు ఎగతాళి వస్తే ఊరంతా వినపడేలా చేస్తుంది. ఇది సంతోషం. గృహప్రవేశ ప్రార్థనకు అందరికంటే ముందు వచ్చి బండలు కడిగింది.

ఆమె డబ్బు చేతిలోనే ఉండిపోయింది కదా. సంగతి బావగారికి తెలిసింది. తన శనగ చేలో బోరు వేయిస్తే అందరం బాగుపడతామన్నాడు. ఆమె ఇచ్చింది. బోరు యంత్రం వచ్చి సాయంత్రం దాకా తొలిచింది. తెల్లటి దుమ్ము లేచి చెట్ల మీద, మనుషుల మీద పడింది, నీటి చుక్క రాలేదు. చోటు మార్చి ఇంకోటి వేశారు. అదీ అంతే. ఆ తర్వాత ఆమె కూడికలో దేవుని చిత్తం అని ఒక్క మాట అని కూర్చుంది. నేను పాట అందుకున్నాను. ఆ పాట ఎలా పాడగలిగాను?

ఆమె ఈ రోజుకీ ఆ వరండాలోనే ఉంది.

ఇన్నాళ్లూ నా నోరు మూసింది భయం అని చెప్పను. అంతకంటే తెలివైన కారణం ఒకటి దొరికింది. నిజం చెబితే ఆమె విశ్వాసం చెడుతుందేమో అనుకున్నాను. ఎంత పవిత్రంగా ఉందో చూడండి ఈ సాకు! మొన్న శుక్రవారం అది కూడా కూలింది. సుగుణమ్మ పక్కింటి కొత్త కోడల్ని వెంటపెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, పోవాలా వద్దా అని అడగడానికి. "అక్క చెప్పిందంటే దేవుడు చెప్పినట్టే పాపా. నా ఇంటి సంగతిలో ముందే చెప్పింది. వినుకోకపోతే అక్కకు దేవుడిచ్చే ఇంటికి నేను అడ్డం పోయుండేదాన్ని" అంది. ఆ అమ్మాయి నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. నాకు తెలియదమ్మా, దేవుణ్ని నువ్వే అడిగి తెలుసుకో అన్నాను. సుగుణమ్మ ఆశ్చర్యపోయింది.

అప్పుడు అర్థమైంది. ఆమె విశ్వాసానికి ఏమీ కాదు. అది నా దానికంటే గట్టిది. చెడేది నా పేరు. నేను కాపాడుతూ వచ్చింది దాన్నే.

అందరి ముందు లేచి ఒప్పుకోవచ్చు. మా సంఘానికి అది ఇష్టం. హల్లెలూయ అంటారు, కన్నీళ్లు పెడతారు, పాస్టరు అయ్యగారు మా ఇద్దరి తలల మీద చేతులు పెడతారు. అంతమంది మధ్య సుగుణమ్మ నన్ను కౌగిలించుకోక ఏం చేస్తుంది? ఆమెకు కోపపడే వీలు కూడా లేకుండా పోతుంది. అది కూడా నేను లాక్కోను. రేపు ఆమె డ్యూటీ దిగే వేళకు ఆస్పత్రికి పోయి, పక్కకు పిలిచి, ఒక్కదానికే చెబుతాను. తిట్టనీ. కొట్టనీ. మళ్లీ నా ముఖం చూడకపోనీ.

మరి గది ఇచ్చేస్తానా? ఇస్తానని ఇక్కడ రాస్తే మీ ముందు నేను బాగుపడతాను. ఆ మాట ఇంకా నా లోపల పుట్టలేదు. పుట్టని మాటను పుట్టిందని ఒకసారి చెప్పాను, ఇక చెప్పను. ఈ రోజు చెప్పగలిగింది ఒక్కటే. మెట్ల దగ్గర ఆ శుక్రవారం దేవుడు నాతో ఏమీ అనలేదు. అన్నది నేనే.