గినీపిగ్ పాట

మేడ్చల్ రోడ్డు పక్కన పెంపుడు జంతువుల దుకాణంలో నిన్న ఒకాయన గినీపిగ్‌ను బేరమాడుతున్నాడు. అవి తోడు లేకుండా ఉండలేవని దుకాణదారు చెప్తే వినడే! "రెండేం జేసుకుంటం? ఒక్కటి సాలు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మా నాయిన శామీర్‌పేటలో ప్లాట్లు అమ్మేవాడు. నా చిన్నప్పుడు ప్లాటు కొనడానికి మా ఇంటికొచ్చినవాళ్ల పిల్ల గినీపిగ్ కావాలని మారాం చేస్తే, నా రెండు గినీపిగ్గుల్లో తెల్లదాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు. నేను ఏడిస్తే, "ఇంకోటున్నది గదనే, ఏంది నీ లొల్లి?" అని కసిరాడు.

మిగిలిన గోధుమరంగుది రోజంతా ఈలలు వేసింది. ఆకలేమోనని కొత్తిమీర కాడలు వేస్తే ముట్టలేదు. నామీద అలిగిందనుకుని బతిమాలుకున్నాను. నాయినేమో ఇంటికొచ్చిన వాళ్లందరికీ దాన్ని చూపించి, "ఎంత మంచిగ పాడుతాందో సూడుండ్రి," అని మురిసిపోయాడు.

నిన్న ఆయన ఒక్కదాన్నే అట్టపెట్టెలో పెట్టించుకున్నాడు. అది ఈల వేసింది. బోనులోంచి రెండోది బదులిచ్చింది.

"అరె, పాడుతాంది!" అన్నాడాయన.

"పాడుతలేదు, పిలుస్తాంది!" అని అరిచాను, మా నాయినకు వినపడాలన్నంత గట్టిగా.